కారు డీటెయిలింగ్ దుకాణానికి యంత్రాలు, రసాయనాలు: మొదట దేనిమీద డబ్బు పెట్టాలి?

ప్రశ్న: ఆటోనగర్_పక్కవీధి

అందరికీ నమస్కారం. విజయవాడ ఆటోనగర్‌కు దగ్గరలో రెండు కార్లు పట్టే రేకుల షెడ్డు ఒకటి అద్దెకు తీసుకున్నాను. ఇంతకుముందు ఒక సర్వీస్ సెంటర్‌లో వాషింగ్ విభాగం చూసుకునేవాణ్ని కాబట్టి నీళ్లు కొట్టడం, షాంపూ పట్టించడం, లోపల వాక్యూమ్ చేయడం నాకు అలవాటైన పనే. అయితే వాటర్ వాష్‌తో ఆగిపోకుండా సీట్లు, రూఫ్ లోతుగా శుభ్రం చేయడం, పెయింట్ పాలిషింగ్, ఆ తర్వాత వీలునుబట్టి పెయింట్‌ను కాపాడే సిరామిక్ కోటింగ్ అనే పూత వరకు, అంటే పూర్తి డీటెయిలింగ్ పనికి, వెళ్లాలన్నది నా ఆలోచన. అద్దె, అడ్వాన్సు పోగా సామాన్ల కోసం సుమారు రెండున్నర లక్షలు మిగిలాయి.

ఒక డీలరు ఇచ్చిన కొటేషన్ చూస్తే అందులో సగానికి పైగా సొమ్ము రసాయనాలకే పోతోంది. టైర్లకు ఒకటి, రిమ్ములకు ఒకటి, డాష్‌బోర్డుకు రెండు, అద్దాలకు రెండు, షాంపూలే నాలుగు రకాలు, ఇలా ఇరవైకి పైగా డబ్బాలున్నాయి. ప్రెషర్ వాషర్ మాత్రం 200 బార్ పీడనం, నిమిషానికి 7 లీటర్లు, 1500 వాట్లు అని రాసివున్న చిన్న యంత్రాన్ని చూపించారు. షెడ్డుకు ఉన్నది సింగిల్ ఫేజ్ కరెంటు. నీళ్లు బోరువి, నల్ల కారు కడిగి ఎండలో ఉంచితే తెల్లటి చుక్కలు పడుతున్నాయి, గట్టిగా తుడిచినా పోవడం లేదు.

ఇరవై డబ్బాలూ నిజంగా అవసరమా, త్రీ ఫేజ్ కనెక్షన్ తీసుకోక తప్పదా, పాలిషింగ్‌కు తక్కువ ధరలో వచ్చే రోటరీ యంత్రంతో మొదలుపెట్టవచ్చా అన్నవి నా ప్రధానమైన సందేహాలు. ఈ పనిలో ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు 1: కూకట్‌పల్లి_వాష్‌బే

మీ కొటేషన్‌ను తలకిందులు చేస్తే సరైన జాబితా వస్తుందండి. ముందు నీళ్లు, తర్వాత యంత్రాలు, ఆ తర్వాత బట్టలు, చివరగా రసాయనాలు అన్న వరుసలో డబ్బు పెట్టండి. డీలర్లు రసాయనాలను ముందు పెట్టడానికి కారణం తెలిసిందే: యంత్రం ఒకసారి కొంటారు, డబ్బా ప్రతి నెలా కొంటారు.

నీళ్ల సంగతి ముందు తేల్చుకోండి. ఆ తెల్లటి చుక్కలు చాలావరకు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు. నీరు ఆవిరైపోతుంది, అవి పెయింట్ మీద గట్టిపడి మిగిలిపోతాయి. టీడీఎస్ మీటర్ ఒక్కటే ముంచి చూసి నిర్ణయం తీసుకోకండి. అది నీటిలో కరిగిన మొత్తం లవణాలను చూపుతుందే తప్ప అందులో కాఠిన్యం, అంటే కాల్షియం, మెగ్నీషియం వాటా, ఎంతో చెప్పదు. కాఠిన్యాన్ని కొలిచే చిన్న కిట్లు దొరుకుతాయి, లేదా నీటి పరీక్ష చేసే ల్యాబ్‌లో ఇవ్వండి. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ పెట్టిన కాఠిన్యం పరిమితి లీటరుకు 200 మిల్లీగ్రాములు. వేరే నీటి వసతి లేనప్పుడు 600 వరకు అనుమతిస్తారు. 200 దాటిన నీటితో నల్ల కారును ఎండలో కడిగితే చుక్కలు పడతాయని నా అనుభవం.

సాఫ్ట్‌నర్ పెడితే ఈ సమస్య పూర్తిగా పోతుందని చాలామంది అనుకుంటారు. సాఫ్ట్‌నర్ కాల్షియం, మెగ్నీషియం స్థానంలో సోడియంను పెడుతుంది కాబట్టి టీడీఎస్ దాదాపు అలాగే ఉంటుంది, చుక్కలూ కొంత పడతాయి. తేడా ఏమిటంటే ఆ చుక్కలు తడిబట్టతో తుడిస్తే పోతాయి, పెయింట్‌ను పట్టుకుని కూర్చోవు. పైగా షాంపూ నురుగు బాగా వస్తుంది, వాడకం తగ్గుతుంది. ముదురు రంగు కార్లకు చివరిసారి నీళ్లు పోయడానికి మాత్రం ఆర్‌ఓ నీళ్లో, లవణాలను పట్టేసే డీఐ రెజిన్ సీసాగుండా వచ్చిన నీళ్లో వాడితే చాలు. కారు మొత్తం ఆర్‌ఓ నీళ్లతో కడగడం ఖర్చుకు ఖర్చు, నీటి వృథాకు వృథా.

ఇక ప్రెషర్ వాషర్. పెట్టె మీద అంకెలు నమ్మేముందు ఒక చిన్న లెక్క వేయండి. బార్‌ను నిమిషానికి వచ్చే లీటర్లతో గుణించి 600తో భాగిస్తే నీటికి అందుతున్న శక్తి కిలోవాట్లలో వస్తుంది. మీకు చూపించిన యంత్రానికి 200 ఇంటూ 7, భాగించు 600, అంటే సుమారు 2.3 కిలోవాట్లు. యంత్రం కరెంటు నుంచి తీసుకునేదే 1.5 కిలోవాట్లయినప్పుడు 2.3 ఎక్కడినుంచి వస్తుంది? ఆ రెండు అంకెలూ ఒకేసారి రావు. గన్ మూసినప్పుడు క్షణకాలం కనబడే గరిష్ఠ పీడనాన్ని ఒకచోట, గన్ తెరిచి వదిలినప్పుడు వచ్చే నీటి పరిమాణాన్ని ఇంకోచోట రాసి, రెండూ కలిసి వస్తాయన్నట్టు అమ్ముతారు.

కారుకు 200 బార్ అవసరమూ లేదు. 100 నుంచి 120 బార్, నిమిషానికి 9 లేదా 10 లీటర్లు ఇచ్చే ఇండక్షన్ మోటారు (కార్బన్ బ్రష్‌లు లేనిది) యంత్రం చూసుకోండి. బురదను కదిలించేది పీడనమైనా, దాన్ని కిందికి తోసుకుపోయేది నీటి పరిమాణమే. 120 బార్, 9 లీటర్లంటే 1.8 కిలోవాట్లు, మోటారు, పంపు నష్టాలు కలుపుకుంటే రెండున్నర కిలోవాట్ల లోపు ఉంటుంది కాబట్టి సింగిల్ ఫేజ్‌లో 16 ఆంపియర్ల ప్లగ్గుతో నడుస్తుంది. అదే 150 బార్, 15 లీటర్ల యంత్రమైతే నీటికే 3.75 కిలోవాట్లు కావాలి. అక్కడినుంచి త్రీ ఫేజ్ మాట. రెండు కార్ల షెడ్డుకు ప్రస్తుతం దాని అవసరం లేదు. ఇళ్లల్లో వాడే బ్రష్ మోటారు యంత్రాలు మాత్రం వద్దు. చెవులు చిల్లులుపడే శబ్దం చేస్తాయి, రోజంతా నడిపితే కార్బన్ బ్రష్‌లు అరిగిపోతాయి.

నాజిల్ రంగులు గుర్తుంచుకోండి: ఎరుపు సున్నా డిగ్రీలు, పసుపు 15, ఆకుపచ్చ 25, తెలుపు 40. ఎరుపును షెడ్డులోకే రానీయవద్దు, పసుపు చక్రాల లోపలి మట్టికి తప్ప వాడవద్దు. బాడీకి ఆకుపచ్చో తెలుపో పెట్టి కనీసం అడుగు దూరం పాటించండి. లప్పం పెట్టి మళ్లీ రంగు వేసిన చోట, బంపర్ అంచుల దగ్గర పెయింట్ పెచ్చులూడేది ఈ దూరం తప్పినప్పుడే.

కరెంటు వైరును పొడిగించే బదులు నీటి గొట్టాన్ని పొడిగించండి. సన్నటి ఎక్స్‌టెన్షన్ తీగలో వోల్టేజి పడిపోయి మోటారు వేడెక్కుతుంది. తడి నేల మీద పని కాబట్టి కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చి, సరైన ఎర్తింగ్ తప్పనిసరి. ఈ ఖర్చు ఏ కొటేషన్‌లోనూ కనిపించదు.

వాక్యూమ్ కొనేటప్పుడు వాట్లకన్నా దాని పీల్చుడు బలాన్ని, అంటే నీటిని ఎన్ని మిల్లీమీటర్లు పైకి లాగగలదో చెప్పే అంకెను చూడండి. కార్పెట్‌లో ఇరుక్కున్న ఇసుకను లాగేది అదే. తడి, పొడి రెండూ లాగేది తీసుకోండి.

మైక్రోఫైబర్ బట్టల విషయంలో పిసినారితనం పనికిరాదు. పెయింట్‌కు, ఇంటీరియర్‌కు, చక్రాలకు వేర్వేరు రంగులు పెట్టుకోండి. ఒక్కసారి రిమ్ము తుడిచిన బట్ట మళ్లీ బానెట్ మీదికి వెళ్లకూడదు. ఆరబెట్టడానికి 1000 జీఎస్‌ఎం (చదరపు మీటరు బట్ట బరువు గ్రాముల్లో) పైన ఉన్న పెద్ద టవల్, పాలిష్ తుడవడానికి 350 ప్రాంతంలో ఉన్న అంచుకుట్టు లేని బట్టలు, అద్దాలకు పలచటివి సరిపోతాయి. కొన్న వెంటనే లేబుల్ పీకేయండి. ఆ చిన్న నైలాన్ ముక్క క్లియర్ కోట్ (రంగు పైనుండే పారదర్శక పొర) మీద గీత పెడుతుంది. ఉతికేటప్పుడు ఫ్యాబ్రిక్ కండిషనర్ వేస్తే పోగులకు జిడ్డు పూతపట్టి నీరు పీల్చడం మానేస్తాయి. బనియన్ వేస్ట్ ఇంజిన్ పనికి మాత్రమే. పెయింట్ దగ్గరికి రానీయకండి.

జవాబు 2: ద్రావణం

నేను శుభ్రపరిచే రసాయనాల తయారీ రంగంలో పనిచేస్తున్నాను కాబట్టి డబ్బాల వరకే మాట్లాడతాను. మొదటి ఆరునెలలకు మీకు ఏడు చాలు: తటస్థ పీహెచ్ (ఆమ్లమూ క్షారమూ కాని) షాంపూ, ఆల్ పర్పస్ క్లీనర్, ఇనుప కణాలను తీసే క్లీనర్, తారు మరకలు తీసే ద్రావకం, అద్దాల క్లీనర్, ప్లాస్టిక్‌కు, రబ్బరుకు పూసే నీటి ఆధారిత డ్రెస్సింగ్ ఒకటి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్. డాష్‌బోర్డుకు, డోర్ ప్యాడ్లకు, టైర్లకు కూడా ఆ ఒక్క డ్రెస్సింగ్‌నే వేర్వేరు పలచదనంలో వాడుకోవచ్చు. తయారీదారు అందుకు అనుమతించాడో లేదో లేబుల్ మీద చూసుకోవాలి. జిగేలుమనే సిలికాన్ ద్రావకపు పాలిష్ డాష్‌బోర్డుకు పూస్తే ఎండలో ముందు అద్దంలో ప్రతిబింబం పడి డ్రైవరు కళ్లకు ఇబ్బంది, టైరుకు పూస్తే బండి కదిలిన రెండు నిమిషాల్లో ఫెండర్ మీద నల్లటి చుక్కలు.

డబ్బా ధరను డబ్బా ధరతో పోల్చకండి. ఉదాహరణకు 5 లీటర్లు 600 రూపాయలకు వచ్చే షాంపూను 1:20 నిష్పత్తిలో కలపాలనుకుందాం. 1500 రూపాయలదాన్ని 1:100లో కలపాలనుకుందాం. మొదటిదానితో తయారైన ద్రావణం లీటరుకు సుమారు 5 రూపాయల 70 పైసలు పడుతుంది, రెండోదానితో 3 రూపాయలు పడుతుంది. చవకది దాదాపు రెట్టింపు ఖరీదన్నమాట. అయితే ఈ లెక్క నిజమవ్వాలంటే మీ కుర్రవాళ్లు కొలిచి కలపాలి. మూత ఎత్తి ధారగా పోసే అలవాటు ఉన్న చోట ఏ నిష్పత్తీ నిలవదు. డబ్బాకు కొలత పంపు బిగించి, స్ప్రే సీసాల మీద మార్కర్‌తో రసాయనం గీత ఒకటి, నీళ్ల గీత ఒకటి గీసి పెట్టండి. నురుగు కొట్టే ఫోమ్ గన్ విషయంలో ఇంకో మెలిక ఉంది: సీసాలో మీరు కలిపినది గన్ లోపల ప్రెషర్ నీటితో మళ్లీ పలచబడుతుంది, కాబట్టి లేబుల్ మీద ఉన్న నిష్పత్తి సీసాకా, కారు మీద పడే నురుగుకా అన్నది చదివి తెలుసుకోవాలి.

ఇనుప కణాల క్లీనర్ గురించి కొంచెం చెప్పాలి. బ్రేకు ప్యాడ్లు, డిస్కులు అరిగినప్పుడు రాలే సన్నటి ఇనుపరజను రిమ్ముల మీద, వెనుక తలుపుల కింది భాగంలో గుచ్చుకుని తుప్పు చుక్కలుగా మారుతుంది. ఈ క్లీనర్‌లో ఉండే థయోగ్లైకోలేట్ లవణం ఇనుముతో కలవగానే ఊదారంగు ధారలు కారతాయి. ఆ రంగు చూసి కస్టమర్లు ముచ్చటపడి వీడియోలు తీసుకుంటారు గానీ, మీరు చూడవలసింది గడియారం. లేబుల్ చెప్పిన నిమిషాలు దాటనీయకుండా, ముఖ్యంగా ఆరిపోకముందే కడిగేయాలి. మన బెజవాడ వేసవిలో వేడెక్కిన రిమ్ము మీద కొడితే కడిగేలోపే ఆరిపోతుంది. చేత్తో ముట్టుకుంటే చల్లగా అనిపించాలి, అప్పుడే కొట్టండి. వాసన కుళ్లిన గుడ్డు వాసనలా ఉంటుంది, గాలి ఆడేచోట వాడండి.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట. చవకగా, లేబుల్ లేకుండా, «రిమ్ము బ్రైటెనర్» అనో «ఆసిడ్ క్లీనర్» అనో అమ్మే డబ్బాల జోలికి పోవద్దు. వాటిలో కొన్నింటిలో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం గానీ అమ్మోనియం బైఫ్లోరైడ్ గానీ ఉంటుంది. పలచటి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం చర్మం మీద పడిన వెంటనే నొప్పి తెలియకపోవచ్చు. లోపలికి ఇంకి గంటల తర్వాత కణజాలాన్ని, ఎముకను దెబ్బతీస్తుంది, శరీరంలోని కాల్షియంను పట్టేస్తుంది. కాల్షియం గ్లూకోనేట్ జెల్, తక్షణ వైద్యం అవసరమయ్యే ప్రమాదమది. మీ దగ్గర పనిచేసే కుర్రవాళ్లు చెప్పులతో, చేతితొడుగులు లేకుండా పనిచేస్తారు. ఏ డబ్బా కొన్నా దాని భద్రతా సమాచార పత్రం అడగండి; ఇవ్వలేనివాడి దగ్గర కొనకండి.

మరో చివర కాస్టిక్ ఎక్కువగా ఉన్న క్షార క్లీనర్లు. మురికిని ఇట్టే లాగేస్తాయి గానీ అల్యూమినియం రిమ్ములను, క్రోమ్ పట్టీలను మసకబారుస్తాయి, పాత వాక్స్ పొరను తీసుకుపోతాయి. అండర్‌బాడీకి డీజిల్ కొట్టమని అడిగే కస్టమర్లు మీకు తప్పకుండా వస్తారు. రబ్బరు బుష్‌లు డీజిల్‌ను పీల్చుకుని ఉబ్బి మెత్తబడతాయని చెప్పి వద్దనండి. వాడిన నీటిని డ్రైనేజీలోకి వదిలేముందు నూనెను, బురదను ఆపే గుంత ఒకటి కట్టించుకోండి.

ఆటోనగర్_పక్కవీధి

చాలా ఉపయోగకరంగా చెప్పారు, ఇద్దరికీ ధన్యవాదాలు. ప్రెషర్ వాషర్ లెక్క డీలరు ముందే వేసి చూపించాను, ఆయన మాట మార్చి వేరే మోడల్ చూపించారు. త్రీ ఫేజ్ ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెడుతున్నాను. బోరు నీళ్లు ల్యాబ్‌లో ఇచ్చి వచ్చాను. ఇప్పుడు నన్ను తొలుస్తున్నది పాలిషింగ్ యంత్రం. రోటరీ ధర తక్కువ, డ్యూయల్ యాక్షన్ ధర దానికి రెండు మూడు రెట్లు చెబుతున్నారు. సీట్లు తడిపి కడగడానికి ఎక్స్‌ట్రాక్టర్ కూడా వెంటనే కొనాలా?

జవాబు 3: విశాఖ_పాలిషింగ్

రోటరీ ఒకే ఇరుసు మీద తిరుగుతుంది, వేడి ఒకేచోట పోగుపడుతుంది. అనుభవం ఉన్న చేతిలో అది వేగంగా పనిచేస్తుంది. కొత్త చేతిలో పెడితే బానెట్ అంచుల దగ్గర క్లియర్ కోట్ కరిగి కింది రంగు బయటపడుతుంది. డ్యూయల్ యాక్షన్ తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి వేడి తక్కువ, గుండ్రటి సన్నగీతలు మిగిలే అవకాశం తక్కువ. కంపెనీలో వేసిన పెయింట్ మొత్తం మందం చాలా కార్లలో 100 నుంచి 150 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మధ్య ఉంటుంది, అందులో క్లియర్ కోట్ వాటా సుమారు 40 మైక్రాన్లు. మీ చేతిలో ఉన్న పెట్టుబడి ఆ 40 మైక్రాన్లే, అదీ మీది కాదు, కస్టమర్‌ది. కాబట్టి 15 మిల్లీమీటర్ల ఊపు ఉన్న డ్యూయల్ యాక్షన్‌తో మొదలుపెట్టండి. 21 మిల్లీమీటర్లది బానెట్, రూఫ్ లాంటి చదునైన భాగాలకు బాగుంటుంది గానీ మన రోడ్ల మీద ఎక్కువగా కనిపించే చిన్న హ్యాచ్‌బ్యాక్‌ల వంపుల మీద అవస్థ పెడుతుంది.

కొనేముందు దుకాణంలోనే ఒక పరీక్ష చేయండి. యంత్రం ప్లేటు అంచున మార్కర్‌తో ఒక గీత గీయండి. ప్యాడ్ పెట్టి వంపుగా ఉన్న ఫెండర్ మీద మామూలు ఒత్తిడితో నడిపి ఆ గీతను చూడండి. గీత తిరుగుతూ కనిపిస్తే యంత్రం పనిచేస్తున్నట్టు. ఒకేచోట వణుకుతూ నిలబడిపోతే ప్యాడ్ ఊగుతోందే తప్ప తిరగడం లేదని, గీతలు పోవడం లేదని అర్థం. చవక డ్యూయల్ యాక్షన్ యంత్రాలలో చాలావాటి బండారం ఇక్కడే బయటపడుతుంది.

యంత్రం కొన్నాక డబ్బు అయిపోయిందని రెండే ప్యాడ్లతో సరిపెట్టుకునేవారిని చూస్తుంటాను. ప్యాడ్ కాంపౌండ్‌తో (పాలిషింగ్ పేస్టుతో), తీసిన పెయింట్ పొడితో నిండిపోతే వేడెక్కుతుంది, కోయడం, అంటే గీతలున్న పై పొరను సన్నగా అరగదీయడం, మానేస్తుంది. ఒక కారుకు కనీసం నాలుగైదు ప్యాడ్లు మార్చే ఏర్పాటు ఉండాలి. కాంపౌండ్లు మాత్రం రెండు చాలు, ఒకటి కోయడానికి, ఒకటి మెరుపుకు. మెంజెర్నా, త్రీఎం, మెగ్వయర్స్, కోఖ్ కెమీ వంటి కంపెనీలవి దొరుకుతాయి. ఏదో ఒక కంపెనీ జత తీసుకుని దాని గుణం పూర్తిగా పట్టుబడేవరకు మార్చకండి. పాలిష్ అయ్యాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పలచటి ద్రావణంతో తుడిచి, బలమైన ఎల్‌ఈడీ టార్చి వేసి చూడండి. కొన్ని కాంపౌండ్లలోని నూనెలు గీతలను తాత్కాలికంగా నింపి దాచేస్తాయి. రెండు వాష్‌ల తర్వాత అవే గీతలు తిరిగి కనిపిస్తే కస్టమర్ మీ గుమ్మం ముందు ఉంటాడు. ట్యూబ్‌లైటు వెలుతురులో ఈ గీతలు కనబడవు కాబట్టి టార్చిని విలాసంగా లెక్కపెట్టవద్దు.

పెయింట్ మందం కొలిచే గేజ్‌ను నేను మొదటి నెలలోనే కొనమంటాను. ఒక తలుపు 120, పక్క తలుపు 300 చూపిస్తే ఆ రెండోది మళ్లీ రంగు వేసినదని, ఇంకా పెద్ద అంకె వస్తే కింద లప్పం ఉందని తెలిసిపోతుంది. ఆ అంకెలను కస్టమర్ ఎదుటే కాగితం మీద రాసి సంతకం తీసుకుంటే తర్వాత వాదనలు ఉండవు. ప్లాస్టిక్ బంపర్ల మీద మామూలు గేజ్ పనిచేయదన్నది గుర్తుంచుకోండి.

ఎక్స్‌ట్రాక్టర్ ఇప్పుడే వద్దు. తడి లాగే వాక్యూమ్, మెత్తటి బ్రష్, పలచగా కలిపిన ఆల్ పర్పస్ క్లీనర్‌తో సీట్ల పని నడుస్తుంది. సీట్లను నీళ్లతో ముంచెత్తడం పొరపాటు; లోపలి స్పాంజి ఆరక రెండు రోజుల్లో ముక్కవాసన వస్తుంది, వానాకాలంలోనైతే చెప్పనక్కరలేదు. సీట్ల కింద పసుపురంగు కనెక్టర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థవి. వాటి మీద నీళ్లు పోయకండి, ఊడదీయకండి.

జవాబు 4: బాడీషాపు_పాతకాపు

పై సలహాలతో చాలావరకు ఏకీభవిస్తాను గానీ రోటరీని పూర్తిగా పక్కన పెట్టమనడం నాకు సమ్మతం కాదు. మళ్లీ రంగు వేసిన ప్యానెల్ మీద ఎమరీ కాగితం గీతలు తీయాలంటే ఉన్ని ప్యాడ్ పెట్టిన రోటరీకి ఉన్న వేగం వేరే దేనికీ రాదు. ఆటోనగర్ పక్కనే ఉన్నారు కాబట్టి పెయింటింగ్ షెడ్ల నుంచి అలాంటి పని మీకు తప్పకుండా వస్తుంది. తుక్కు షాపులో పాత బానెట్ ఒకటి తెచ్చుకుని దాని మీద చేయి కుదిరేవరకు నేర్చుకుని, అప్పుడు కొనండి. కస్టమర్ కారు మీద నేర్చుకోవద్దన్న మాటలో మాత్రం ఎవరికీ అభ్యంతరం ఉండదు.

ఆటోనగర్_పక్కవీధి

అలాగేనండి, పాత బానెట్ ఇక్కడ దొరకడం కష్టమేమీ కాదు. చివరిగా ఒక్క సందేహం. సిరామిక్ కోటింగ్ అడుగుతూ ఇప్పటికే ఇద్దరు వచ్చారు. 9హెచ్ అని రాసివున్న సీసా ఒకటి తెచ్చి చేసి ఇవ్వవచ్చా?

జవాబు 3: విశాఖ_పాలిషింగ్

ఆ 9హెచ్ అన్నది పూత మీద రకరకాల గట్టి పెన్సిళ్లతో గీసి చూసే పెన్సిల్ కాఠిన్య పరీక్షలోని అంకె. ఆ పూత రాయి దెబ్బనూ ఆపదు, తాళంచెవి గీతనూ ఆపదు. నీరు, మురికి తేలిగ్గా జారిపోవడానికి, కడగడం సులువవడానికి పనికొస్తుంది. మీ బోరు నీటి చుక్కలు దాని మీద కూడా పడతాయి. కోటింగ్ వేసేటప్పుడు గాలిలో దుమ్ము ఉండకూడదు, ప్యానెల్ వేడిగా ఉండకూడదు, పూసిన తర్వాత తుడవడానికి తయారీదారు చెప్పిన వ్యవధి దాటకూడదు. తెరిచివుండే రేకుల షెడ్డులో, ఏప్రిల్ ఎండలో ఇవి మూడూ కుదరవు. ఒక కారు పట్టే భాగానికి తలుపుతో సహా పార్టిషన్ వేసి, పైన ఫాల్స్ సీలింగ్, మంచి లైట్లు పెట్టుకున్నాక ఒప్పుకోండి. అంతవరకు వచ్చిన ఇద్దరికీ పాలిష్ చేసి సీలెంట్ (పెయింట్‌ను కాపాడే మామూలు పూత) వేసి ఇవ్వండి, అది ఎంతకాలం నిలుస్తుందో తయారీదారు రాసినదానికన్నా కొంచెం తక్కువే చెప్పండి.